రివెట్ తలకు చోటు

ఆదివారం, డాలస్

ఈ ఎండల్లో పది దాటితే గ్యారేజీలో నిలవలేం. అందుకే తెల్లవారకముందే లైట్లు వేసి కుడి రెక్క స్పార్ (రెక్క పొడవునా ఉండే ప్రధాన దూలం) దగ్గర కూర్చున్నాను. కిట్ కొని ఆర్‌వీ అనే చిన్న విమానాన్ని సొంతంగా కట్టేవాళ్లలో చాలామందికి, రేకులను బిగించే రివెట్ల తలలకు చోటు చేసే ఈ పని విసుగు. నాకు మాత్రం మొత్తం కిట్‌లో ఇదే ఇష్టం.

రెక్క మీద రివెట్ తల పొడుచుకు రాకూడదు. 1935లో హోవర్డ్ హ్యూస్ రేసు విమానం హెచ్-1 గంటకు 352 మైళ్ల వేగం అందుకున్నప్పుడు దాని లోహపు ఒంటి మీద రివెట్లన్నీ ఇలా రేకుతో సమంగానే ఉన్నాయి. తలకు చోటు చేయడానికి రెండు దారులు: రేకును కోసి గుంట తీయడం కౌంటర్‌సింక్, కోయకుండా రెండు అచ్చుల మధ్య నొక్కడం డింపుల్. ఏది చేయాలో రేకు మందమే చెబుతుంది. 3/32 అంగుళం రివెట్‌కైతే 0.032 అంగుళం కన్నా పలచని రేకును కోయకూడదు. మా రెక్క రేకు 0.025, అంటే ముప్పావు మిల్లీమీటరు కూడా లేదు. దాన్ని కోస్తే కట్టర్ అవతలికి దిగిపోయి రంధ్రం పెద్దదవుతుంది, అంచు బ్లేడులా పదునెక్కుతుంది. అదురుకు పగులు పుట్టేది అక్కడే. నొక్కినప్పుడు లోహం ఎక్కడికీ పోదు. పైగా పై రేకు గుంట కింది గుంటలో ఇమిడి, రెండూ జరగకుండా పట్టుకుంటాయి. పలచని రేకుకు ఇంతకన్నా మంచి ఏర్పాటు ఉందనుకోను.

స్పార్ అంచు మందం. అక్కడ కోతే. కట్టర్ లోతును అదుపుచేసే కేజ్‌ను ఒక క్లిక్కు తిప్పితే అంగుళంలో వెయ్యో వంతు మారుతుంది. రివెట్ తల సరిగ్గా కూర్చునే లోతు ఇక్కడ చాలదు, ఎందుకంటే ఈ గుంటలోకి దిగేది డింపుల్ చేసిన రేకు బొడిపె. ఇంకొన్ని క్లిక్కులు కావాలి. ఎన్ని అన్నది పుస్తకం చూసి కాక, పారేసే ముక్క మీద చూసి తేల్చుకోవడమే నాకు నమ్మకం.

అమ్మాయి కాఫీ తెచ్చి, అక్కడే నిలబడింది. డింపుల్ చేసిన చిన్న రేకు ముక్కను గుంట మీద పెట్టి, ఒక మూల వేలితో నొక్కింది.

"ఊగుతోంది నాన్నా."

ఒక క్లిక్కు తిప్పి మళ్లీ కోశాను. వెండి రంగు పొట్టు సన్నగా చుట్టలు చుట్టుకుంటూ పైకి వచ్చింది. మళ్లీ పెట్టి చూసింది.

"ఇంకా కొంచెం."

మరో క్లిక్కు. ఈసారి ముక్క కదలలేదు. అంచు చుట్టూ గోరుతో గీసి చూసి తలూపింది. దాని గోరు నా కొలబద్ద కన్నా నికార్సైనది.

ఆ లోతు దగ్గర కేజ్ బిగించి అసలు స్పార్ మీదికి వచ్చాను. ఎడమ చేత్తో కేజ్‌ను తిరగకుండా పట్టుకోవాలి, లేకపోతే అల్యూమినియం మీద వలయాలు గీసేస్తుంది. డ్రిల్లు నిదానంగా తిరగాలి, నిటారుగా దిగాలి. తొందరపడితే గుంట గోడలు గరుకెక్కుతాయి.

ఎండ ముదిరేలోపు పై అంచు పూర్తయింది. కోసిన ప్రతి గుంటలో తుప్పును ఆపే పైపొర పోయింది కాబట్టి ప్రైమర్ పూయాలి. కింది అంచు సాయంత్రం చల్లబడ్డాక చూస్తాను.