పొద్దున్నపూట నా చేతులు

హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నేను టెన్త్. 2014 అక్టోబర్ 12, ఆదివారం. వైజాగ్‌లో ఉన్నవాళ్ళకి ఆ రోజు గురించి నేను కొత్తగా చెప్పేదేం లేదు. మా కంచరపాలెం ఇంట్లో వంటింటి మీద రేకులు లేచిపోయాయి, ఆ తర్వాత రోజుల తరబడి కరెంటు లేదు, పాలకి లైను, నీళ్ళకి లైను, రాత్రిళ్ళు ఫ్యాను లేక దోమలతో ఎవరికీ కంటిమీద కునుకు లేదు. ఆ వారంలోనే ఒకరోజు పొద్దున్నే అమ్మ టీ గ్లాసు చేతికిస్తే అది వెళ్ళి ఎదురుగా గోడకి తగిలింది. జారిపడలేదు, ఎగిరింది. ఎవరో నా మోచెయ్యి పట్టుకుని ఒక్క గుంజు గుంజినట్టు. అమ్మ "నీ ధ్యాస ఎక్కడుందే" అని తిట్టి గోడ తుడుచుకుంది, నేను మాత్రం నా చెయ్యివంకే చూస్తూ ఉండిపోయాను, ఎందుకంటే నాకు మా అత్త గుర్తొచ్చింది.

మా మేనత్త పెళ్ళి 1996లో అయింది, ఎనిమిది నెలలకి తిరిగి పుట్టింటికి పంపేశారు. మా ఇంట్లో మూర్ఛ అనే మాట ఎవరూ నోటితో అనరు, "దానికొచ్చేది" అంటారు అంతే. మాటిమాటికీ మూర్ఛ వస్తుందని చెప్పి పెళ్ళి రద్దు చేయమని కోర్టుకి వెళ్ళే వీలు అప్పట్లో హిందూ వివాహ చట్టంలోనే ఉండేది, 1999లో ఆ మాట తీసేశారు. చట్టం తీసేసింది గానీ మా వీధిలో వాళ్ళు తీసెయ్యలేదు కదా. మామ్మైతే "దాని ఒంట్లో ఏదో ఉందే" అనేది, చిన్నప్పుడు నేను అత్త పక్కన పడుకోవాలంటే భయపడేదాన్ని, నిజంగానే ఆవిడ లోపల ఒక రాక్షసి ఉందనుకునేదాన్ని. ఇప్పుడది నాలోకి వచ్చింది అనుకున్నాను. పదిహేనేళ్ళ పిల్లకి అంతకంటే ఏం తోస్తుంది.

అప్పట్నించి దాచడమే పని. బాత్రూం తలుపు గడియ పెట్టుకుని, కుడి మోచెయ్యి పక్కటెముకలకి గట్టిగా అదిమిపెట్టి బ్రష్ చేసేదాన్ని, అయినా ఒక్కోసారి బ్రష్ వెళ్ళి బకెట్లో పడేది. టీ మానేశాను, "టీ తాగితే నల్లబడతారంట" అని అమ్మకి చెప్పాను. జడలు అమ్మనే వెయ్యమన్నాను. స్కూల్లో ఏడున్నరకి స్టడీ అవర్, ఆ గంటంతా చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చునేదాన్ని, ఎప్పుడైనా రాయక తప్పకపోతే అక్షరం మధ్యలోంచి పెన్ను సర్రున పేజీ చివరిదాకా గీత గీసుకుంటూ పోయేది. నా మ్యాథ్స్ నోట్స్ ఇప్పటికీ ఉంది, ప్రతి రెండు పేజీలకీ అలాంటి గీత ఒకటి, దాన్ని కప్పిపుచ్చడానికి దాని పక్కన నేను కావాలని గీసిన పువ్వో బాణమో. విచిత్రం ఏంటంటే తొమ్మిదిన్నర పదయ్యేసరికి అంతా మామూలే, సాయంత్రం ఆర్‌కే బీచ్‌కి వెళ్తే నా అంత హుషారుగా ఎవరూ ఉండరు, దాంతో పొద్దున్న జరిగింది నా భ్రమేమో అనిపించేది. పక్కన కూర్చునే అమ్మాయి ఒకసారి అడిగింది "ఏంటే బెంచీ ఊగుతోంది" అని. చలి అన్నాను. వైజాగ్‌లో చలేంటి.

ఫిబ్రవరిలో ప్రీ ఫైనల్స్. రాత్రి ఒంటిగంటకి పడుకుని నాలుక్కి లేచేదాన్ని, ఆ వారం చేతులు ఒక్కటే కాదు, భుజాలు కూడా ఎగిరెగిరి పడేవి. ప్రేయర్‌లో ప్రతిజ్ఞ చదువుతున్నాం, ఒకటి రెండు మూడు అని వరసగా అదురులు వచ్చాయి, అంతవరకే తెలుసు. కళ్ళు తెరిచేసరికి నోట్లో రక్తం, గుప్పిట్లో తాళాల గుత్తి, చుట్టూ మూడొందల మంది. పళ్ళ మధ్య ఎవరో స్పూన్ దూర్చారు, ముందు పన్ను అంచు విరిగింది, ఇప్పటికీ నాలుకతో తడిమితే తగులుతుంది. వాళ్ళు నా మంచి కోరే చేశారు, నాకు కోపం లేదు, కానీ దండం పెట్టి చెప్తున్నా, ఫిట్స్ వచ్చినవాళ్ళ నోట్లో ఏమీ పెట్టకండి, నీళ్ళు పొయ్యకండి, తాళాలతో ఏమీ అవ్వదు. పక్కకి ఒత్తిగిలించి పడుకోబెట్టండి, తల కింద మెత్తగా ఏదైనా పెట్టండి, టైం చూసుకోండి, ఐదు నిమిషాలు దాటితే మాత్రం ఆగకుండా 108కి ఫోన్ చెయ్యండి.

ఇంటికి తీసుకొచ్చాక మామ్మ గుమ్మంలోనే కూలబడిపోయి "ఓలమ్మో, ఈ గుంటకీ అదే వచ్చీసిందేటి" అంది. అత్త మాత్రం ఏం మాట్లాడకుండా నా నోరు కడిగింది. స్కూలు వాళ్ళు పరీక్షల దాకా ఇంట్లోనే చదువుకోమన్నారు. బెంచీలో నా పక్కన కూర్చునే ఆ అమ్మాయి మళ్ళీ ఫోన్ చెయ్యలేదు.

మొదట చూపించిన డాక్టర్ ఆ ఫిట్ గురించే అడిగారు, అమ్మ దాని గురించే చెప్పింది. పొద్దున్న అదురుల సంగతి నేను నోరు విప్పలేదు, చెప్తే చదువు మాన్పించేసి అత్తలా ఇంట్లో కూర్చోబెడతారని భయం. ఆయన కార్బమజెపైన్ అనే ఫిట్స్ మందు రాశారు. మందు మొదలుపెట్టాక అదురులు తగ్గకపోగా ఇంకా ఎక్కువయ్యాయి, చేతిలో ముద్ద కూడా నిలిచేది కాదు, టాబ్లెట్ వేస్తే లోపలున్నదానికి కోపం వస్తోందేమో అనుకుని అది కూడా దాచాను. ఆ మందులతోనే, ఆ అదురులతోనే మార్చిలో పబ్లిక్ రాశాను. ఎలా రాశానో దేవుడికే తెలియాలి.

మే నెలలో నాన్న ఇంకో న్యూరాలజిస్ట్ మేడం దగ్గరికి తీసుకెళ్ళారు. ఆవిడ ఫైలు మూసేసి నావైపు తిరిగి, "పొద్దున్న లేవగానే బ్రష్షో గ్లాసో చేతిలోంచి ఎగిరిపోతుందా అమ్మా" అని అడిగారు. ఏడు నెలలుగా నేనొక్కదాన్నే మోస్తున్నది ఆవిడకి ఎలా తెలిసిందో అర్థం కాలేదు, ఏడుపు ఆగలేదు. అమ్మ పక్కనే కూర్చుని "టీ గ్లాసు... జడలు... అందుకా" అని ఒక్కొక్కటే గుర్తు చేసుకుంటూ నా చెయ్యి పట్టుకుంది.

దాని పేరు జువెనైల్ మయోక్లోనిక్ ఎపిలెప్సీ, ఇలాంటి అదురులతో వచ్చే ఒక రకం మూర్ఛ. ఎక్కువగా పన్నెండు నించి పద్దెనిమిదేళ్ళ మధ్య బయటపడుతుంది, నిద్ర లేచిన గంట రెండు గంటల్లోనే అదురులు ఎక్కువ, నిద్ర చాలకపోతే ఇంకా ఎక్కువ, కుటుంబాల్లో ఉండొచ్చు. నాకు మొదట ఇచ్చిన కార్బమజెపైన్ ఇలాంటి అదురుల్ని పెంచగలదట. అది ఆ డాక్టర్ తప్పని నేను అనలేను, ఆయనకి నేను సగమే చెప్పాను. రాత్రంతా మేలుకుని రమ్మని ఈఈజీ తీశారు, అంటే మెదడులో కరెంటు తీరుని గీతలుగా చూపించే పరీక్ష, తలకి చల్లగా జిగురు రాసి వైర్లు అంటించి కళ్ళ ముందు లైటు టపటపా కొట్టించారు, కాగితం మీద గీతలు ఒక్కసారిగా ముళ్ళలా లేచాయి, నా నోట్సులో పెన్ను గీతల్లాగే ఉన్నాయి. వాల్‌ప్రొయేట్ అనే మందు బాగా పనిచేస్తుంది గానీ ఆడపిల్లలకి రేపు కడుపులో బిడ్డకి ప్రమాదం అని చెప్పి మేడం లెవెటిరాసెటామ్ అనే ఇంకో మందు రాశారు.

పది రోజుల్లో బ్రష్ చేతిలో నిలిచింది. కానీ మనిషిని మాత్రం మారిపోయాను, ఊరికే కోపం, అమ్మ మీద కంచం విసిరేశాను ఒకసారి, ఆ మందుతో అలా అవుతుందని మేడం ముందే చెప్పినా సరే ఆ మూడు నెలలు అమ్మ పడిన బాధ నాకు తెలుసు. డోసు మార్చాక సర్దుకుంది. ఆ ఏడాది మామ్మ సింహాద్రి అప్పన్నకి నాతో గిరి ప్రదక్షిణ చేయిస్తానని మొక్కుకుంది, కొండ చుట్టూ ముప్ఫై రెండు కిలోమీటర్లు, రాత్రంతా నడక. మేడం వద్దన్నారు, నా బదులు నాన్న నడిచారు. 2016లో పెద్దమ్మ కొడుకు పెళ్ళి, ముహూర్తం తెల్లవారుజామున మూడున్నరకి, నిద్ర లేదు, హడావిడిలో టాబ్లెట్ మర్చిపోయాను, పొద్దున్నే ఫిట్ వచ్చింది. అదే ఆఖరు. ఇప్పుడు నాకు పాతికేళ్ళు దాటాయి, రోజుకి రెండు పూటలా టాబ్లెట్, పదకొండు లోపు నిద్ర, ఇంకో అర్ధరాత్రి పెళ్ళికి నేను వెళ్ళలేదు. మందు ఆపితే చాలామందికి తిరగబెడుతుందంట, నేను ఆపాలని కూడా అనుకోవట్లేదు.

మేడం దగ్గరికి వెళ్ళొచ్చిన రాత్రి అత్త నా మంచం మీద వచ్చి కూర్చుంది. "ఏం అడిగిందే ఆవిడ, మళ్ళీ చెప్పు" అంది. చెప్పాను. చాలాసేపు ఊరుకుంది. "పెళ్ళయిన కొత్తలో పొద్దున్నే ముగ్గేస్తుంటే చెయ్యి ఎగిరిపోయి పిండంతా చెదిరిపోయేదే, మా అత్తగారు పొగరనుకునేది" అంది. ఇరవయ్యేళ్ళు ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

ఆ తర్వాతి నెల చెకప్‌కి ఇద్దరం కలిసి వెళ్ళాం. ఇప్పుడు మా వంటింటి అలమరలో రెండు టాబ్లెట్ డబ్బాలు, నాది నీలం మూత, అత్తది ఎరుపు. రాత్రి తొమ్మిదింటికి ఎవరికి ముందు గుర్తొస్తే వాళ్ళు రెండు గ్లాసుల్లో నీళ్ళు పోస్తాం.