ఎస్కేప్ అనాలిసిస్‌ని నమ్మేముందు కొలిచి చూడండి

జావాలో న్యూ అని రాసిన ప్రతిచోటా హీప్‌లో, అంటే ఆబ్జెక్టులు ఉండే మెమరీ భాగంలో, చోటు ఖర్చవుతుందనేం లేదు. జావా ప్రోగ్రాములను నడిపే హాట్‌స్పాట్‌లోని సీ2 కంపైలర్, ఆ ఆబ్జెక్ట్ మెథడ్ దాటి బయటికి పోతుందా అని ముందు చూస్తుంది. ఎస్కేప్ అనాలిసిస్ అంటే ఇదే. పోదని తేలితే దాన్ని స్టాక్ (మెథడ్ ముగియగానే ఖాళీ అయ్యే మెమరీ) మీద పెడుతుందని చాలామంది అనుకుంటారు. అలా కాదు, అసలు ఆబ్జెక్టే ఉండదు. ఫీల్డులను విడగొట్టి మామూలు లోకల్ వేరియబుల్స్‌లా, వీలైతే ప్రాసెసర్ రిజిస్టర్లలో ఉంచుతుంది. నాకు ఈ కంపైలర్‌లో బాగా నచ్చే పని ఇదే.

ఇదంతా ఇన్‌లైనింగ్ మీద, అంటే ఒక మెథడ్ కోడ్‌ను దాన్ని పిలిచిన చోటే చేర్చేయడం మీద ఆధారపడింది. ఆబ్జెక్ట్‌ను ఆర్గ్యుమెంట్‌గా తీసుకునే మెథడ్ ఇన్‌లైన్ కాకపోతే, అది ఆ రిఫరెన్స్‌ను ఎక్కడా దాచకపోయినా హీప్ కేటాయింపు తప్పదు. డిఫాల్ట్‌గా 325 బైట్ల బైట్‌కోడ్ (జావా కోడ్ కంపైలయ్యాక వచ్చే రూపం) దాటితే, ఎంత తరచుగా పిలిచే మెథడైనా ఇన్‌లైన్ కాదు. అందుకే మెథడ్‌లో ఒక్క లాగింగ్ లైను చేర్చినా కేటాయింపులు ఒక్కసారిగా పెరగొచ్చు. ఇక అర్రేలైతే 64 ఎలిమెంట్లు మించకూడదు, ఇండెక్స్ కూడా కంపైలర్‌కి ముందే తెలిసిన స్థిరసంఖ్య కావాలి.

టైమింగ్ ఒక్కటే చూసి తీర్పు చెప్పకండి. జావా కోడ్ వేగాన్ని కొలిచే జేఎంహెచ్ టూల్‌లో జీసీ (గార్బేజ్ కలెక్షన్) ప్రొఫైలర్ ఆన్ చేసి, ఒక్కో ఆపరేషన్‌కి ఎన్ని బైట్లు కేటాయిస్తోందో చూడండి. తర్వాత డూఎస్కేప్‌అనాలిసిస్ ఫ్లాగ్ ఆపి మళ్లీ నడపండి. రెండుసార్లూ అంకె ఒకటే వస్తే ఆ కోడ్‌లో ఈ ఆప్టిమైజేషన్ పనిచేయట్లేదన్నమాట. గో భాషలో ఇంత శ్రమ లేదు, ఏ వేరియబుల్ హీప్‌కి వెళ్లిందో అడిగితే కంపైలరే లైను నంబరుతో చెప్పేస్తుంది.