అరీకోడ్‌లో ఐదో నంబర్ పంచాయితీ

ఖతార్ వెళ్లి ఫుట్‌బాల్ ప్రపంచ కప్ చూసేంత స్తోమత నాకు లేదు. కేరళకైతే స్లీపర్ టికెట్ చాలు. ఆఫీసులో నా పక్క సీట్లో కూర్చునే మిత్రుడిది మలప్పురం జిల్లా అరీకోడ్ దగ్గర ఒక పల్లె. 2022 నవంబర్‌లో సెలవు పెట్టి ఊరికెళ్తూ, "ఒకసారి వచ్చి చూడరా, స్టేడియంలో కూడా ఇంత గోల ఉండదు" అన్నాడు. మెస్సీ గొప్పా, నెయ్‌మార్ గొప్పా అని వాదించుకుంటుంటారు, సరదాగా ఉంటుంది కదా అని బయల్దేరాను. తీరా వెళ్తే అక్కడి గొడవ వేరు. మెస్సీ ఆడాలా వద్దా అన్నది ఎవరికీ ప్రశ్నే కాదు. అర్జెంటీనా జట్టులో మెస్సీ వెనకాల, మిడ్‌ఫీల్డ్‌లో, అంటే మైదానం మధ్యలో, ఎవరిని దింపాలన్నదే అసలు తగువు.

ఆ తగువు రైల్లోనే మొదలైంది. 26వ తేదీ మధ్యాహ్నం సికింద్రాబాద్‌లో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆ రాత్రే అర్జెంటీనా, మెక్సికో మ్యాచ్. మన టైం ప్రకారం పన్నెండున్నరకి. నాలుగు రోజుల ముందే సౌదీ అరేబియా చేతిలో 2–1తో ఓడింది అర్జెంటీనా. అంతకుముందు వరసగా 36 మ్యాచ్‌ల్లో ఓటమి ఎరగని జట్టు అది. మెక్సికో కూడా ఓడిస్తే మూటాముల్లె సర్దుకోవడమే. మా కోచ్‌లో హైదరాబాద్‌లో చదువుకుంటున్న మలయాళీ కుర్రాళ్లు కొందరు ఉన్నారు. తిరుపతి దాటాక ఒక ఫోన్‌ని కిటికీ కమ్మీకి దారంతో కట్టి అందరూ దాని చుట్టూ చేరారు. నేనూ చేరాను. నెల్లూరులో ఎక్కిన పెద్దావిడ కింద బెర్త్‌లోంచి, "ఎవరు గెలిస్తే మనకేందయ్యా, ఆ లైటన్నా తీయండి" అని విసుక్కుంది. లైటు తీశారు. నోళ్లు మాత్రం మూయలేదు.

జట్టు పేర్లు తెర మీద పడగానే ఒకడు నెత్తి కొట్టుకున్నాడు. సౌదీ మ్యాచ్‌లో ఆడిన పరేడెస్‌ని పక్కన పెట్టి ఆ స్థానంలో గీడో రోడ్రిగెజ్‌ని దింపాడు కోచ్ స్కలోని. "ఎంజో ఏడీ?" అని వాడి బాధ. గీడో డిఫెన్స్ ముందు కాపలా కాయడంలో మంచివాడే. కానీ బంతిని ముందుకు నడిపించేవాడు లేక మొదటి సగం అంతా ఉక్కపోతగా సాగింది. 57వ నిమిషంలో గీడో బయటికి వచ్చి ఎంజో ఫెర్నాండెజ్ లోపలికి వెళ్లాడు. 64లో మెస్సీ గోల్. 87లో ఎంజో పెనాల్టీ బాక్స్ ఎడమ మూల నుంచి కుడికాలితో తిప్పి అవతలి మూలకి వేసిన గోల్ మాకు ఆలస్యంగా కనపడింది. సిగ్నల్ పోయి బొమ్మ ఆగిపోయింది. పక్క కోచ్‌లో అరుపులు విని ఏదో జరిగిందని అర్థం చేసుకున్నాం. కాట్పాడిలో బండి ఆగాక చూపించుకున్నారు, మళ్లీ మళ్లీ. ఎంజోకి అప్పుడు ఇరవై ఒక్కేళ్లు. అర్జెంటీనా తరఫున ప్రపంచ కప్‌లో అంత చిన్న వయసులో గోల్ కొట్టినవాడు 2006లో మెస్సీ తర్వాత మళ్లీ ఇతనే.

పాలక్కాడ్‌లో దిగి బస్సు ఎక్కాను. మన్నార్‌కాడ్, పెరింతల్మణ్ణ మీదుగా మంజేరి, అక్కడి నుంచి అరీకోడ్. దారి పొడవునా ప్రతి సెంటర్లోనూ ఫ్లెక్సీలే. కొత్త సినిమా రిలీజ్ రోజు మన థియేటర్ల ముందు ఎలా ఉంటుందో, ఆ జిల్లా మొత్తం అలా ఉంది. నీలం తెలుపు ఒక వైపు, పసుపు పచ్చ ఇంకో వైపు, మధ్యలో పోర్చుగల్ ఎరుపు. ఒకచోట జర్మనీ ఫ్లెక్సీ ఒక్కటే పెట్రోల్ బంకు గోడకి కట్టి ఉంది, పాపం.

మిత్రుడి ఇంట్లో కాళ్లు కడుక్కుని కూర్చోగానే కట్టన్ చాయ్ వచ్చింది. పాలు లేని టీ. దాంతోపాటు వాళ్ల మేనమామ కూడా వచ్చారు. ఊరంతా ఆయన్ని ఇక్కా అనే పిలుస్తుంది. నేనూ అలాగే పిలిచాను. కుర్రతనంలో సెవెన్స్, అంటే జట్టుకి ఏడుగురు ఆడే ఫుట్‌బాల్, ఆడారు. తర్వాత గల్ఫ్‌లో చాలా ఏళ్లు పనిచేశారు. హిందీ అక్కడ నేర్చుకున్నదే. నాది హైదరాబాద్ అని వినగానే ముఖం చిట్లించారు.

"టవోరా ఊరా?"

టవోరాది గోవా అని చెప్పినా లాభం లేదు. ఆ ఏడాది మార్చి 20న ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్ 1–0తో ముందంజలో ఉంది. 88వ నిమిషంలో హైదరాబాద్ ఎఫ్‌సీ సబ్‌స్టిట్యూట్ సాహిల్ టవోరా దూరం నుంచి కొట్టిన బంతి వాళ్ల కొంప ముంచింది. పెనాల్టీల్లో మన గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు. "ఆ రోజు సహల్ ఉండి ఉంటేనా" అన్నారు ఇక్కా. అప్పటి బ్లాస్టర్స్ ఆటగాడు సహల్ అబ్దుల్ సమద్ గాయంతో ఆ మ్యాచ్ ఆడలేదు. అతనూ మిడ్‌ఫీల్డరే, టవోరా కూడా మిడ్‌ఫీల్డరే. ఆయన లెక్కలో కప్పులన్నీ మధ్యలోనే గెలుస్తారు, మధ్యలోనే పోగొట్టుకుంటారు.

సాయంత్రం ఇంటి ముందు వరండాలో అసలు పంచాయితీ నడిచింది. మిత్రుడు, వాళ్ల చెల్లెలు, పక్కింటి కుర్రాళ్లు, ఇక్కా. చెల్లెలు కాలేజీ జట్టులో ఆడుతుంది. పాయింటు మీద పాయింటు పెట్టి మాట్లాడుతుంది. మూడు రోజుల్లో పోలండ్‌తో మ్యాచ్. గెలిస్తే దిగులు లేదు, ఓడితే కథ కంచికి. ఐదో నంబర్ జెర్సీ లియాండ్రో పరేడెస్‌ది. అతన్ని మళ్లీ దింపాలా, ఎంజోకే ఇవ్వాలా?

ఇక్కా పరేడెస్ పక్షం. 2021లో దక్షిణ అమెరికా దేశాల కప్ కోపా అమెరికా ఫైనల్లో, మరకానా స్టేడియంలో, బ్రెజిల్‌ని 1–0తో ఓడించిన రోజు మధ్యలో మొదటి నుంచి ఆడింది డి పాల్, పరేడెస్, లో సెల్సో. ఇరవై ఎనిమిదేళ్ల కప్పుల కరువు తీర్చిన ముగ్గురు. అందులో లో సెల్సో సరిగ్గా ప్రపంచ కప్ ముందు గాయపడి దూరమయ్యాడు. "ముగ్గురిలో ఒకడు పోతే మిగిలిన ఇద్దరి ఆట తప్పుతుంది. సౌదీ మీద అదే జరిగింది. దానికి పరేడెస్‌ని శిక్షిస్తే ఎలా, మోనే?" అని నన్నే అడిగారు. మోనే అంటే బాబూ అని. నాకు జవాబు తెలిస్తే కదా.

చెల్లెలు ఊరుకోలేదు. మెస్సీ వెనక్కి పరిగెత్తడు, ఆ వయసులో పరిగెత్తమని ఎవరూ అడగరు కూడా. కాబట్టి మధ్యలో ఉన్న ముగ్గురు నలుగురి పని చెయ్యాలి. డి పాల్ సగం సేపు మెస్సీ పక్కనే తిరుగుతూ అతని వాటా పరుగు కూడా తనే పరిగెడతాడు. అప్పుడు నడిమధ్య ఖాళీ అవుతుంది. ఆ ఖాళీని మూసే వేగం పరేడెస్‌కి లేదు, ఎంజోకి ఉంది. పరేడెస్ పొడుగు పాస్ అందమే, కానీ బంతి అందుకుని, తిరిగి, చూసి వేసేలోపు ఎవరో ఒకరు మీదకి వచ్చేస్తున్నారు. ఎంజో బంతి రాకముందే తిరిగి నిలబడి ఉంటాడు. ఈ ముక్క చెప్పడానికి ఆ పిల్ల లేచి వరండాలో చెప్పులు అటూ ఇటూ పేర్చి చూపించింది. నా చెప్పు ఒకటి డి పాల్ అయింది.

మిత్రుడి వాదన మూడోది. వాడి దృష్టిలో లో సెల్సో ఖాళీకీ పరేడెస్‌కీ సంబంధం లేదు. లో సెల్సో సీటు మాక్ అలిస్టర్‌ది. మెక్సికో మీద స్కలోని అది సర్దేశాడు. సౌదీ మీద ఎడమ వైపు పాపు గోమెజ్‌ని పెట్టినప్పుడే మధ్యలో ఒక మనిషి తక్కువయ్యాడు. ఇక మిగిలింది ఒక్క సీటే కాబట్టి ఇద్దరిలో ఎవరైనా ఫర్వాలేదు. "ఎవరైనా ఫర్వాలేదు" అన్నందుకు రెండు పక్షాలూ కలిసి వాడి మీద పడ్డాయి. నాకైతే వాడి మాటే సబబుగా తోచింది, కానీ ఆ వరండాలో పైకి అనే ధైర్యం లేదు.

మర్నాడు పుల్లావూర్ వెళ్లాం. ముక్కం మీదుగా, కాలికట్ ఎన్ఐటీకి దగ్గర్లో ఉంటుంది. చెరుపుళ అనే చిన్న ఏటి మధ్యలో అర్జెంటీనా అభిమానులు నిలబెట్టిన ముప్పై అడుగుల మెస్సీ కటౌట్ ఫొటోలు అప్పటికే ప్రపంచమంతా తిరిగాయి. ఫిఫా కూడా ట్విట్టర్‌లో పెట్టింది. దాన్ని చూసి ఉడుక్కున్న బ్రెజిల్ వాళ్లు ఒడ్డున నలభై అడుగుల నెయ్‌మార్‌ని లేపారు. తర్వాత ఇంకా పొడుగ్గా రొనాల్డో. చూడ్డానికి బాగానే ఉంది. పది నిమిషాలు నిలబడితే చాలు. జనం సెల్ఫీలు తీసుకుని వెళ్లిపోతున్నారు. అరీకోడ్ వరండాకి ముందు ఇది నాకు ఆనలేదు.

ఆ రాత్రి తొమ్మిదిన్నరకి బ్రెజిల్, స్విట్జర్లాండ్ ఆట. నెయ్‌మార్‌కి మొదటి మ్యాచ్‌లోనే చీలమండ దగ్గర దెబ్బ తగిలింది. పసుపు చొక్కాల వాళ్లు టెన్షన్‌గా ఉన్నారు. చిత్రంగా వాళ్ల గొడవ కూడా మిడ్‌ఫీల్డే. కోచ్ టిటె ఫ్రెడ్‌ని దింపాడు, బ్రూనో గిమరాయిస్‌ని బెంచీ మీద కూర్చోబెట్టాడు. మాంచెస్టర్ యునైటెడ్ అభిమాని ఒకడు, తన క్లబ్‌కి ఆడే ఫ్రెడ్‌ని రోజూ తిట్టేవాడే, అక్కడ అతని తరఫున గొంతు చించుకోవడం చూసి నవ్వొచ్చింది. రెండో సగంలో బ్రూనో వచ్చాడు. చివరికి 83వ నిమిషంలో గోల్ కొట్టింది కాసెమీరో. ఇంకో మిడ్‌ఫీల్డర్. అర్జెంటీనా వాళ్లు మొక్కుబడిగా తిట్టి ఇళ్లకి పోయారు.

మధ్యలో ఒక సాయంత్రం ఇక్కా నన్ను స్కూటర్ మీద మంజేరి దగ్గర పయ్యనాడ్ స్టేడియానికి తీసుకెళ్లారు. ఆ ఏడాది మే 2న రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీ ఫైనల్లో పశ్చిమ బెంగాల్‌ని కేరళ పెనాల్టీల్లో ఓడించింది అక్కడే. కెప్టెన్ జిజో జోసెఫ్, బ్యాంకు ఉద్యోగి, మళ్లీ మిడ్‌ఫీల్డరే. గేటు మూసి ఉంది. బయట నిలబడి ఆయన ఆ రోజు జనం గురించి చెబుతుంటే విన్నాను. తిరిగొచ్చేటప్పుడు సెవెన్స్ ఆడే ఒక నేల దగ్గర ఆగాం. చిన్న మైదానం, జట్టుకి ఏడుగురు. సీజన్‌లో చుట్టూ తాత్కాలికంగా గ్యాలరీలు కడతారు, నైజీరియా, ఘనా నుంచి కూడా ఆటగాళ్లని తెప్పిస్తారు. అప్పుడు మాత్రం పిల్లలు ఆడుకుంటున్నారు. ఇక్కా వాళ్లలో ఒకణ్ణి చూపించి, "చూడు, వాడు పరిగెత్తట్లేదు. బంతి ఎక్కడికొస్తుందో అక్కడ ఉన్నాడు. పరేడెస్ అంటే అదీ" అన్నారు. సరిగ్గా అప్పుడే ఆ కుర్రాడి కాళ్ల కింద నుంచి బంతి ఎవడో తన్నుకుపోయాడు. ఇద్దరం ఏమీ చూడనట్టే స్కూటర్ ఎక్కాం.

పోలండ్ మ్యాచ్ రాత్రి, అంటే డిసెంబర్ 1 తెల్లవారితే అనగా పన్నెండున్నరకి, క్లబ్ ముందు ఖాళీ స్థలంలో పెద్ద తెర కట్టారు. ముందు వరసలో పిల్లలు, వెనక కుర్చీల్లో పెద్దలు, ఓ పక్కగా ఆడవాళ్లు. ఆటకి గంట ముందు జట్టు పేర్లు వచ్చాయి. డి పాల్, మాక్ అలిస్టర్, ఎంజో. చెల్లెలు పెట్టిన కేకకి కుక్కలు మొరిగాయి. ఇక్కా టీ చల్లారబెట్టుకుంటూ, "ఆడనీ, చూద్దాం" అన్నారంతే.

39వ నిమిషంలో మెస్సీ పెనాల్టీని పోలండ్ కీపర్ ష్చెన్స్నీ ఆపేశాడు. నా వెనక ఎవరో ప్లాస్టిక్ కుర్చీ విరగ్గొట్టారు. రెండో సగం మొదలైన నిమిషానికే మాక్ అలిస్టర్ గోల్. మిత్రుడు నా మెడ పట్టుకుని ఊపేశాడు, సీటు ఎవరిదో వాడే కదా చెప్పింది. 67లో ఎంజో పాస్ అందించాడు, హూలియన్ ఆల్వరెజ్ పై మూలకి కొట్టాడు. 2–0. బాణసంచా పొగలో తెర కూడా కనపడలేదు. ఆట చివర్లో ఇక్కా కుర్చీ దగ్గరికి వెళ్లి ఎంజో ఎలా ఆడాడని అడిగాను. "బాగా ఆడాడు. పోలండ్ వాళ్లు అసలు ముందుకే రాలేదు కదా, ఎవరైనా ఆడతారు" అన్నారు. నిజానికి ఆ మాట పూర్తిగా కొట్టిపారేయడానికి లేదు. పోలండ్ ఆ రాత్రి గోల్ ముందు గుంపుగా నిలబడటం తప్ప పెద్దగా ఏమీ చేయలేదు.

నేను హైదరాబాద్ వచ్చేశాక కూడా పంచాయితీ ఫోన్లో నడుస్తూనే ఉంది. నెదర్లాండ్స్‌తో క్వార్టర్ ఫైనల్ పెనాల్టీల దాకా వెళ్లింది. పరేడెస్ గోల్ వేశాడు, ఎంజో బయటికి కొట్టాడు. ఇక్కా నుంచి వాయిస్ మెసేజ్, నవ్వు తప్ప మాట లేదు. క్రొయేషియాతో సెమీఫైనల్‌కి స్కలోని ఇద్దర్నీ కలిపి దింపాడు. 3–0. ఆ రోజు రెండు వర్గాలూ తామే గెలిచామన్నాయి. ఫైనల్‌కి పరేడెస్‌ని తీసేసి డి మరియాని తెస్తే ఇక్కా కోచ్‌ని నోటికొచ్చినట్టు తిట్టారు. డి మరియా ఒక పెనాల్టీ సంపాదించి, ఒక గోల్ కొట్టాక కాస్త తగ్గారు. ఎక్స్‌ట్రా టైమ్‌లో పరేడెస్ వచ్చాడు. 3–3 అయ్యాక పెనాల్టీల్లో మెస్సీ, డిబాలా తర్వాత మూడోది అతనే వేశాడు.

టోర్నీలో ఉత్తమ యువ ఆటగాడి బహుమతి ఎంజోకి ఇచ్చారు. ఆ ఫొటోని చెల్లెలు గ్రూపులో పెట్టిన అర నిమిషానికి ఇక్కా జవాబు వచ్చింది: "సరే, సంతోషం. నెదర్లాండ్స్ మీద పెనాల్టీ బయటికి కొట్టింది ఎవరమ్మా?"