ఎంతసేపు, ఎవరికి: క్లోరిన్ లీకైతే కలిగే ముప్పును అంచనా వేసిన నా అనుభవం

నేను పనిచేసే నీటి శుద్ధి కేంద్రంలో 900 కిలోల క్లోరిన్ సిలిండర్లు నిల్వ ఉంటాయి. వాటిలో ఒకటి లీకైతే చుట్టుపక్కల నివసించేవారి ఆరోగ్యానికి ఎంత ముప్పు కలుగుతుందో అంచనా వేసి, అత్యవసర ప్రణాళికలో ఒక అధ్యాయం రాసే బాధ్యత నాకు అప్పగించారు. నేను కెమికల్ ఇంజనీరును కనుక, వాయువు ఎంత దూరం వ్యాపిస్తుందో లెక్కకడితే పని ముగుస్తుందని భావించాను.

మొదటి ముసాయిదాలో 10 పీపీఎంను, అంటే గాలిలో పది లక్షల భాగాలకు 10 భాగాల క్లోరిన్‌ను, హద్దుగా తీసుకుని మ్యాపు మీద ఒక వలయం గీశాను. క్లోరిన్‌కు అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ నిర్ణయించిన ఐడీఎల్‌హెచ్, అంటే ప్రాణానికి తక్షణ ప్రమాదం కలిగించే స్థాయి, అదే. ముసాయిదాను పరిశీలించిన టాక్సికాలజిస్టు (విషపదార్థాల ప్రభావాలను అధ్యయనం చేసే నిపుణులు) మ్యాపు తెరవకముందే రెండు ప్రశ్నలు వేశారు: "ఎంతసేపు? ఎవరికి?" ఐడీఎల్‌హెచ్ అనేది శ్వాస రక్షణ పరికరం విఫలమైన కార్మికుడు తప్పించుకుని బయటపడటాన్ని దృష్టిలో పెట్టుకుని నిర్ణయించినదనీ, ఉబ్బసం ఉన్న పిల్లవాడికీ మంచం దిగలేని వృద్ధురాలికీ దాన్ని వర్తింపజేయడం తగదనీ వివరించారు. నా దగ్గర జవాబు లేదు.

సాధారణ ప్రజల కోసం రూపొందించిన ఏఈజీఎల్ ప్రమాణాలను అప్పుడు శ్రద్ధగా చదివాను. వాటిలో మూడు స్థాయిలున్నాయి. మొదటి స్థాయి దాటితే కళ్లు, గొంతు మండటం వంటి, తర్వాత తగ్గిపోయే ఇబ్బందులు కలుగుతాయి. రెండోది దాటితే శాశ్వతమైన లేదా తీవ్రమైన హాని కలగవచ్చు, తప్పించుకునే శక్తి సన్నగిల్లవచ్చు. మూడోది దాటితే ప్రాణాపాయం. ప్రతి స్థాయికీ 10 నిమిషాలు, 30 నిమిషాలు, గంట, 4 గంటలు, 8 గంటలు అనే ఐదు వ్యవధులకు విడివిడిగా విలువలు ఇస్తారు. క్లోరిన్‌కు గంట వ్యవధిలో రెండో స్థాయి 2 పీపీఎం మాత్రమే. అంటే నా వలయం దానికి అయిదు రెట్ల గాఢత దగ్గర ఆగిపోయింది. ఆ గీతకు ఆవల తీవ్రంగా జబ్బుపడగలవారందరినీ నేను లెక్కలోంచి తొలగించినట్లయింది.

అంతకంటే పెద్ద పొరపాటు రెండో ముసాయిదాలో చేశాను. మూడో స్థాయికి గంట విలువ 20 పీపీఎం కాబట్టి, పది నిమిషాలకు దానికి ఆరు రెట్లు, అంటే 120 పీపీఎం వరకు భరించవచ్చని మనసులోనే గుణించి రాసేశాను. పట్టికలో ఉన్నది 50. క్లోరిన్ విషయంలో గాఢత వర్గాన్ని (గాఢతను అదే సంఖ్యతో గుణిస్తే వచ్చేదాన్ని) నిమిషాల్లో కాలంతో గుణిస్తే వచ్చే విలువ ఇంచుమించు స్థిరంగా ఉంటుంది: 20 వర్గాన్ని 60తో గుణిస్తే 24,000, 50 వర్గాన్ని 10తో గుణిస్తే 25,000. గాఢత రెట్టింపైతే భరించగల సమయం సగానికి కాదు, నాలుగో వంతుకు పడిపోతుందన్నమాట. ఆ రోజు ఆ కాగితం ఎవరి చేతికీ వెళ్లకపోవడం నా అదృష్టం.

వ్యాప్తిని అంచనా వేయడానికి అలోహా సాఫ్ట్‌వేర్ వాడాను. అది రంగుల్లో చూపే హద్దులను చూసి మురిసిపోకూడదని త్వరగానే తెలిసింది. క్లోరిన్ గాలికంటే దాదాపు రెండున్నర రెట్లు బరువైనది. పల్లంలోకి, కాలువల్లోకి జారుతుంది. సాఫ్ట్‌వేర్ మాత్రం నేలను చదునుగానే భావిస్తుంది. అందువల్ల పల్లపు ప్రాంతాలను నడిచి చూసి, చేతితో గుర్తించి మ్యాపులో చేర్చాను. లీకు సిలిండరులో ఏ భాగం నుంచి అనేది కూడా లెక్కను తలకిందులు చేస్తుంది: ద్రవం వెలువడితే, అంతే రంధ్రం నుంచి వాయువు వెలువడినప్పటికంటే ఎన్నో రెట్లు ఎక్కువ క్లోరిన్ బయటపడుతుంది. లీకవుతున్న భాగం పైకి వచ్చేలా సిలిండరును దొర్లించాలని అనుభవజ్ఞులైన ఆపరేటర్లు చెప్పేది ఇందుకే. ఆ సూచనను వారి మాటల్లోనే ప్రణాళికలో పెట్టాను.

ప్రజలను తరలించాలా, ఇళ్లలోనే ఉంచాలా అన్న చోట ఎక్కువ రోజులు ఆగిపోయాను. గాలి మందకొడిగా, సెకనుకు 1.5 మీటర్ల వేగంతో వీచే నిశ్చలమైన రాత్రిని ప్రతికూల పరిస్థితిగా తీసుకుంటే, 900 మీటర్ల దూరానికి మేఘం పది నిమిషాల్లో చేరుతుంది. ఆ వ్యవధిలో ఒక వృద్ధాశ్రమాన్ని ఖాళీ చేయించడం ఎవరి తరమూ కాదు. కాబట్టి తలుపులు, కిటికీలు మూసి, ఫ్యానులు, ఏసీలు ఆపి పై అంతస్తుకు చేరమని రాశాను. టాక్సికాలజిస్టు మళ్లీ ఆపారు: మేఘం దాటిపోయాక, లోపలికి చొరబడిన వాయువు గదిలోనే నిలిచి, బయటికంటే లోపలే గాఢత ఎక్కువగా ఉండవచ్చు కదా అన్నారు. అందుచేత తలుపులు ఎప్పుడు తెరవాలో, ఆ సంకేతాన్ని ఎవరు ఎలా ఇవ్వాలో తెలిపే పేరాను చేర్చాను. మొత్తం అధ్యాయంలో అన్నిటికంటే ఎక్కువసార్లు తిరగరాసింది ఆ పేరానే.