నైల్స్‌లో మూకీ, మా ఊళ్లో నేల టికెట్టు

కాలిఫోర్నియాలో మా ఫ్రీమాంట్‌లో ఇంతమంది తెలుగువాళ్లం ఉన్నాం గానీ, ఊళ్లోనే ఉన్న నైల్స్ అనే పాత బస్తీ వైపు వెళ్లేవాళ్లు తక్కువే. వెళ్లినా పాత సామాన్ల కొట్ల కోసమో, పిల్లల్ని లోయలో పాత రైలు ఎక్కించడానికో వెళ్తారు. అక్కడే మెయిన్ రోడ్డు మీద ఎడిసన్ థియేటర్ అని ఒక చిన్న హాలుంది. 1913లో కట్టారు. ఆ రోజుల్లో ఎస్సనే అనే కంపెనీ నైల్స్‌లో స్టూడియో పెట్టి సినిమాలు తీసేది, కౌబాయ్ కథలే ఎక్కువ. 1915లో చాప్లిన్ కూడా కొన్నాళ్లు ఇక్కడ పనిచేశాడు. మరుసటి ఏడే స్టూడియో మూసేశారు. హాలు మాత్రం మిగిలింది. ఏళ్ల తరబడి సినిమా ముఖం చూడకపోయినా, ఇప్పుడు అక్కడి మూకీ సినిమాల మ్యూజియం వాళ్ల చేతిలో పడి మళ్లీ తెర కట్టుకుంది. శనివారం రాత్రిపూట మూకీ సినిమా వేస్తారు, పక్కన ఒకరు కూర్చుని పియానో వాయిస్తారు.

మా పిల్లలకు థియేటరంటే మల్టీప్లెక్స్. పెద్ద హీరో సినిమా వస్తే గురువారం ప్రీమియర్‌కి వెళ్తాం. టికెట్ల ధర తలచుకుంటే ఇప్పటికీ నాకు గుండె గుభేలుమంటుంది. హీరో కనపడగానే నలభై దాటిన మగవాళ్లు ఈలలు వేసి కాగితాలు చల్లుతుంటే మా పెద్దది, పదో తరగతి, సీట్లో కిందికి జారిపోతుంది. "అమ్మా, రేపు ఇవన్నీ ఎవరు ఊడుస్తారు?" అంటుంది. న్యాయమైన ప్రశ్నే. ఈ ఊళ్లోనే ఒకప్పుడు నాజ్ 8 అని మన సినిమాలు ఆడే హాలుండేది. మేం కొత్తగా వచ్చినప్పుడు శనివారమైతే అక్కడ తేలేవాళ్లం, సమోసాల వాసనతో సహా మనదే అనిపించేది. తర్వాత అది చేతులు మారింది, పేరు మారింది. మా పిల్లలకు ఆ పేరే తెలియదు. ఊళ్లో హాలు పోతే ఎలా ఉంటుందో నాకు ఇక్కడ కూడా తెలిసొచ్చింది.

వాళ్లను నైల్స్‌కి తీసుకెళ్లడానికి అసలు కారణం మా నాన్న. నాన్న కృష్ణా జిల్లాలో ఒక చిన్న టౌన్లో సినిమా హాలు ఆపరేటరు. ఆయన గురించి పిల్లలకు తెలిసింది ఒక్కటే, తాతయ్య "సినిమాల్లో పనిచేసేవారు" అని. మా చిన్నాడు స్కూల్లో మా తాత డైరెక్టర్ అని కూడా చెప్పుకున్నాడు. అది సరిదిద్దడానికి నోటిమాట చాలదనిపించింది.

మ్యూజియంలో పాత ప్రొజెక్టర్లున్నాయి, చేత్తో తిప్పేవి. చిన్నాడు వాట్సాప్‌లో వీడియో కాల్ పెట్టి ఫోను వాటి ముందుకు పట్టుకెళ్లాడు. అక్కడ పొద్దున్నే కాఫీ తాగుతున్న నాన్న గ్లాసు పక్కన పెట్టేసి, కళ్లజోడు సవరించుకున్నారు.

"ఒరేయ్, పక్కకి తిప్పు. గేటు చూపించు. అదిగో ఆ చిన్న తలుపు లాంటిది. ఫిల్ము దాని వెనకనించే దిగుతుంది."

"తాతయ్యా, నువ్వు కూడా చేత్తో తిప్పేవాడివా?"

"నేనంత ముసలాణ్ణి కాదురా! మాది మోటారు. నా తంటా అంతా కార్బన్లతోనే."

ఇక మొదలుపెట్టారు. పెట్టెలో రెండు కార్బన్ కడ్డీలు, ఒకటి పాజిటివ్, ఇంకోటి నెగటివ్. కొనలు తాకించి దూరం జరిపితే మధ్యలో కళ్లు బైర్లు కమ్మే వెలుగు. కాలేకొద్దీ కడ్డీలు అరుగుతాయి, సందు పెరుగుతుంది, తెర మీద బొమ్మ మసకబారుతుంది. ఆపరేటరు ఏమరుపాటుగా ఉంటే నేల క్లాసులోంచి "కార్బన్! కార్బన్!" అని కేకలు. వెయ్యి అడుగుల రీలు పదకొండు నిమిషాల్లో అయిపోతుంది. తెర కుడివైపు పైమూల చిన్న చుక్క మెరిసిందంటే రెండో ప్రొజెక్టర్ మోటారు వేయాలి, ఇంకో చుక్క పడగానే ఇది మూసి అది తెరవాలి. అంత పనీ జనానికి తెలియకుండా జరిగిపోవాలి. ఒక్క ప్రొజెక్టరే ఉన్న టూరింగ్ టాకీసుల్లో ఆ గొడవే లేదు. రీలు రీలుకీ లైట్లు వేసేవాళ్లు, జనం బయటికెళ్లి బీడీ కాల్చుకుని వచ్చేవాళ్లు. ఒకే ప్రింటు రెండు ఊళ్లలో ఆడిస్తే ఇక్కడ అయిపోయిన రీళ్లు సైకిలు మీద పక్క ఊరికి వెళ్లేవి. సైకిలు పంక్చరైతే అక్కడ ఇంటర్వెల్ ముప్పావుగంట.

"మరి జనం ఊరుకునేవాళ్లా?" అని పెద్దది అడిగింది.

"ఊరుకోరమ్మా. సోడాలు బాగా అమ్ముడుపోయేవి."

ఇంటికొచ్చాక పెద్దదానికి ఈ చరిత్ర పట్టుకుంది. ఇంచుమించు ఎడిసన్ థియేటర్ కట్టిన రోజుల్లోనే రఘుపతి వెంకయ్య మద్రాసులో గెయిటీ థియేటర్ కట్టించాడని చెబితే నమ్మలేదు. మచిలీపట్నంలో పుట్టి, మద్రాసులో ఫొటో స్టూడియో నడిపిన మనిషి. క్రోనోమెగాఫోన్ అనే యంత్రం కొని, డేరాలు వేసుకుంటూ బర్మా, సిలోన్ దాకా వెళ్లి బొమ్మలు చూపించాడు. 1921లో విజయవాడలో మారుతీ టాకీస్ వచ్చింది, ఆంధ్రలో మొదటి సినిమా హాలని చెప్పుకుంటారు. తెలుగు టాకీ రావడానికి ఇంకా పదకొండేళ్లుంది, అప్పటిదాకా మారుతీలో కూడా మూకీలే. తెర పక్కన ఒకాయన నిలబడి కథ గట్టిగా చెప్పేవాడు. నైల్స్‌లో చిన్నాడికి తెర మీది అక్షరాలు అందక "ఏమంటున్నాడమ్మా?" అని గుంజుతుంటే నేను చెవిలో చేసిన పని అదే. వెనక సీటావిడ రెండుసార్లు "ష్" అంది.

మనవాళ్లు హాళ్లను ఊరి అడ్రసులుగా వాడుకోవడం కూడా దానికి నచ్చింది. విశాఖలో జగదాంబ సెంటర్, తిరుపతిలో లీలామహల్ సర్కిల్, కాకినాడలోనైతే ఏకంగా సినిమా రోడ్డే ఉంది. బస్సులో కండక్టరు అరిచే స్టాపుల్లో గుళ్లతో పాటు టాకీసులూ ఉంటాయి.

ఆ తర్వాత అసలు ప్రశ్న వచ్చింది. నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ అని నేను మురిసిపోతూ చెబుతుంటే, "నేల అంటే నిజంగా నేలేనా?" అంది. నిజంగా నేలే. ఇసుక పోసుంటుంది, ముందువాడి తల అడ్డం వస్తే ఇసుక కుప్పచేసుకుని దాని మీద కూర్చుంటారు. ఆడవాళ్ల నేల వేరు, మగవాళ్ల నేల వేరు, మధ్యలో పొట్టి గోడ. "అక్కడ ఎవరు కూర్చునేవాళ్లు?" కూలి పనికి వెళ్లొచ్చినవాళ్లు, రిక్షావాళ్లు. పేరుకైతే డబ్బు పెట్టినవాడు ఎక్కడైనా కూర్చోవచ్చు. మా ఊళ్లో పెద్ద రైతుల కుర్చీ వరసలో పేటవాళ్లు, అంటే దళితవాడ వాళ్లు, కూర్చోవడం మాత్రం నా చిన్నప్పుడు నేను చూడలేదు. ఈ ముక్క పిల్లలకు చెప్పకుండా దాటెయ్యడం నాకిష్టం లేదు. ఇక్కడి తెలుగు సంఘాల స్టేజీల మీద వినిపించే ఊరి ముచ్చట్లలో ఆ గోడా ఉండదు, ఆ పేటా ఉండదు. మన పిల్లలు అమెరికాలో నల్లవాళ్లను పైన గ్యాలరీలో విడిగా కూర్చోబెట్టిన థియేటర్ల గురించి స్కూల్లో చదువుతున్నారు. ఊరి సంగతి రేపెప్పుడో వాళ్లే అడుగుతారు.

"మరి నువ్వెక్కడ కూర్చునేదానివి?"

నేను ఆపరేటరు కూతుర్ని. ప్రొజెక్టరు పక్కనుండే చిన్న కిటికీలోంచి, స్టూలు మీద నిలబడి చూసేదాన్ని. పాటలకు కింద నేల క్లాసు ఊగిపోతుంటే నా చెవుల్లో మోటారు రొదే. మాటలు సరిగా వినపడక డైలాగులన్నీ రెండో వారంలో గానీ నాకు అర్థమయ్యేవి కావు.

నాన్న చివరి రోజుల సంగతి కూడా చెప్పాను. డిజిటల్ వచ్చాక రీలు పెట్టెలు పోయాయి. సినిమా శాటిలైట్ ద్వారానో హార్డ్‌డిస్క్‌లోనో రావడం మొదలైంది. కార్బన్ ముందే పోయింది, ఇక చుక్కలు చూసే పనీ పోయింది. మా హాలు ఇప్పుడు కళ్యాణ మండపం. బాల్కనీలో భోజనాలు పెడతారు. నాన్నకు దాని మీద కోపమేం లేదు. "జనం వస్తున్నారుగా" అంటారు. నాకే ఎక్కువ బాధ, బహుశా నేను అక్కడ లేను కాబట్టి.

పెద్దది ఇప్పుడు స్కూలు హిస్టరీ ప్రాజెక్టుకి నైల్స్ హాలునూ తాతయ్య హాలునూ పక్కపక్కన పెట్టి రాస్తోంది. తాతయ్యకు వాయిస్ మెసేజులు పెడుతుంది, ఆయన ఒక్కోదానికి పది నిమిషాల జవాబిస్తారు. నిన్నటి తగువు గోడ గురించి. గోడ ఆడవాళ్ల రక్షణకే కట్టారని ఆయన వాదన. "మరి వాళ్లకి తెర కూడా వంకరగా కనపడేదట కదా, అమ్మమ్మ చెప్పింది" అని ఇది. దానికి నాన్న ఇంకా జవాబు పెట్టలేదు. అమ్మ మాత్రం పెట్టింది, రెండు నిమిషాలు, సగం తిట్లే.