కాలనీ వీధిలో సైకిల్ సాఫీగా సాగాలంటే

కాలనీలో సైకిల్ తొక్కేవాళ్ల కోసం ఏదైనా చేద్దామని సంఘం మీటింగులో మాట వస్తే, చాలామందికి ముందు తట్టేది రోడ్డు పక్కన ఓ రంగు గీత. ముప్పై అడుగుల వీధిలో సాయంత్రమయ్యేసరికి ఆ గీత మీద కార్లు నిలబడతాయి. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన, పైన సోలార్ పలకల కప్పున్న 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వ్యాయామానికి బాగుంటుంది. కానీ పాల ప్యాకెట్‌కూ ట్యూషన్‌కూ వెళ్లే సైకిల్ తిరగాల్సింది ఇళ్ల మధ్యే. అక్కడ వేరే ట్రాక్ అక్కర్లేదు. ఆ వీధిలో పని లేని బండి రాకూడదు, వచ్చిన బండి గంటకు 30 కిలోమీటర్లు దాటకూడదు. ఈ రెండూ కుదిరితే సైకిల్ జోలికి పోనివాళ్లకీ లాభమే: పెద్దవాళ్లు గోడ పట్టుకోకుండా నడవచ్చు, పిల్లలు గేటు బయట ఆడుకోవచ్చు, హారన్ మోత తగ్గుతుంది.

30 అనే అంకె ఊరికే పెట్టింది కాదు. ఆ వేగంలో పిల్లాడు అడ్డం వస్తే డ్రైవరు తేరుకుని, బ్రేకు తొక్కి, కారు ఆగేసరికి పొడి రోడ్డు మీద దాదాపు 13 మీటర్లు పోతుంది. 50లో అయితే 28 మీటర్ల దాకా. ఆ తేడా ఓ ఇంటి ముఖం కంటే ఎక్కువే.

మెయిన్ రోడ్డు సిగ్నల్ తప్పించుకోవడానికి కాలనీలోకి దూరే బండ్లతోనే అసలు చిక్కు. ముందు లెక్క తీయండి. ఆఫీసుల వేళ ఓ గంట వీధి రెండు కొసల్లో ఇద్దరు కూర్చుని ప్రతి కారు నంబరులో చివరి నాలుగంకెలు, టైము రాసుకోవాలి. రెండు మూడు నిమిషాల తేడాతో రెండు జాబితాల్లోనూ కనిపించినవన్నీ అడ్డదారి బండ్లే. ఈ కాగితం చేతిలో లేకపోతే "అవి మనవాళ్ల బండ్లే కదా" అన్న వాదన తెగదు.

అవి ఎక్కువని తేలితే వీధి మధ్య ఒకచోట కార్లకు దారి మూయాలి. ఏ ఇంటికైనా ఏదో ఒక కొస నుంచి కారు వెళ్తుంది, ఆ చివర నుంచి ఈ చివరకు మాత్రం పోలేదు. ఇనుప స్తంభాల మధ్య 1.2 మీటర్లు వదిలితే సైకిలూ వీల్‌చైరూ పోతాయి, దాదాపు 1.3 మీటర్ల వెడల్పుండే ఆటో పోదు. మోటార్ సైకిళ్లను ఇది ఆపలేదు కాబట్టి అక్కడే ఓ స్పీడ్ బ్రేకర్ కూడా ఉండాలి. మధ్య స్తంభాలు తాళం తీసి పెకలించేవి అయి తీరాలి, తాళంచెవి ఒకటి ఫైర్ స్టేషన్‌లో ఇవ్వాలి. మున్సిపాలిటీ, ట్రాఫిక్ పోలీసుల అనుమతితో మొదట ఓ నెల ఇసుక నింపిన డ్రమ్ములు పెట్టి చూడండి. వెనక్కి తిరగాల్సిన కారు ఎవరి గేటు ముందు తిరుగుతోందో, చెత్త బండి ఎక్కడ ఇరుక్కుంటోందో అప్పుడే బయటపడుతుంది. కాంక్రీటు పోశాక తెలిస్తే గొడవే. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో 1960ల చివర్లో మొదలైన ఇళ్ల వీధుల్లో బండ్ల వేగం తగ్గించే పద్ధతికి 1976లో చట్టబద్ధత కూడా వచ్చింది.

ఇక స్పీడ్ బ్రేకర్. మిగిలిన కాంక్రీటుతో అడుగు వెడల్పు, అరడుగు ఎత్తున పోసే దిమ్మె సైకిల్‌కు శత్రువు. ముందు చక్రం గుద్దుకుని హ్యాండిల్ ఎగురుతుంది. దాన్ని తప్పించుకోవడానికి అందరూ కాలువ అంచుకు జరుగుతారు. మన దేశంలో రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పే కొలత వేరు: వెడల్పు 3.7 మీటర్లు, ఎత్తు 10 సెంటీమీటర్లు, 17 మీటర్ల వ్యాసార్ధపు వంపు. దాని మీద కారు 25 దగ్గరికి తగ్గుతుంది, సైకిల్ మెల్లగా ఎక్కి దిగుతుంది. మేస్త్రీకి ఇలా చెప్పండి: నడిమధ్యలో 10 సెంటీమీటర్లు, అక్కణ్ణుంచి మీటరు దూరంలో 7, మీటరున్నర దగ్గర మూడున్నర, 1.85 మీటర్ల దగ్గర సున్నా. ఈ ఆకారంలో ప్లైవుడ్ పలక కోయించి, పోసేటప్పుడే అడుగడుక్కీ పెట్టి చూడాలి. రెండు అంచుల దగ్గరా పాత రోడ్డును కాస్త చెక్కి పోయకపోతే పలచటి అంచు తొలి వానలకే పెచ్చులూడుతుంది. కాలువ పక్క జానెడు వదలకపోతే నీళ్లు నిలుస్తాయి. ఒక్కటే వేసి ఊరుకోవద్దు. దాటగానే మళ్లీ యాక్సిలరేటర్ నొక్కుతారు. 60 నుంచి 80 మీటర్లకొకటి ఉండాలి.

పాత రోడ్డు మీదే కొత్త పొర వేస్తే మ్యాన్‌హోల్ మూతలు గుంతలవుతాయి, వాన నీళ్లు ఇళ్లలోకి వస్తాయి. పాతది గీసేశాకే వేయమని పట్టుబట్టండి. కాలువ జాలీ కడ్డీలు సైకిల్ వెళ్లే దిశలో ఉంటే చక్రం దిగబడుతుంది. అడ్డంగా ఉండాలి. మలుపు దగ్గర ఐదు మీటర్ల వరకు కారు ఆపనివ్వకండి, ఎదురొచ్చేవాళ్లు కనబడాలి. నీడ కూడా ముఖ్యమే. మే నెలలో కానుగ చెట్లున్న వీధిలో తొక్కగలిగినంతగా బోసి వీధిలో తొక్కలేం. చెట్టు మొదలు దాకా సిమెంటు పూయకుండా మీటరు చదరం మట్టి వదలాలి.

కిరాణా కొట్టు ముందు ఒక కారు నిలిచే చోట ఎనిమిది సైకిళ్లు పడతాయి. తలకిందులు చేసిన 'యు' ఆకారంలో ఇనుప గొట్టాలు, 75 సెంటీమీటర్ల ఎత్తు, మధ్య మీటరు ఎడం ఉంటే చాలు. ఒక్కో గొట్టానికి అటొకటి ఇటొకటి ఆనించి, చక్రానికే కాక ఫ్రేముకీ కలిపి తాళం వేయొచ్చు.