సిరామిక్ బ్లేడు మోజు

ఈ రోజు గడ్డం గీసుకుంటుంటే చెంప మీద రెండు చోట్ల తెగింది. బ్లేడు మార్చి వారమే. మెత్తటి వెంట్రుక గట్టి స్టీలును ఎలా మొద్దుబారుస్తుందా అని నాకు ఎప్పట్నుంచో అనుమానం. 2020లో అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ వాళ్లు మైక్రోస్కోపు కింద పెట్టి చూశారు. బ్లేడు స్టీలు కన్నా వెంట్రుక దాదాపు 50 రెట్లు మెత్తన. అయినా గీస్తున్నప్పుడు అది పక్కకి వంగితే, అంచు బలహీనంగా ఉన్న చోట చిన్న పెచ్చు లేస్తుందట!

మరి స్టీలు కన్నా గట్టిది, తుప్పు పట్టనిది సిరామిక్ ఉందిగా, దాంతో చేయొచ్చుగా అనుకున్నా. జవాబు మా వంటింట్లోనే దొరికింది. ఆ మధ్య జిర్కోనియా అనే సిరామిక్‌తో చేసిన తెల్లటి కత్తి కొన్నా. టమాటా మీద ఆనిస్తే చాలు, దిగిపోయేది. ఓ రోజు అమ్మ దాంతో ఎండుకొబ్బరి చిప్ప కొట్టబోయింది. టక్కుమని అంచు నుంచి గోరంత ముక్క ఎగిరిపోయింది.

"ఇదేం కత్తిరా, పింగాణీ కప్పులా ఉంది!" అంది.

సరిగ్గానే చెప్పింది. స్టీలు కాస్త వంగి తట్టుకుంటుంది. ఇది వంగదు, పెళుసు. అంత పలుచగా సానబెట్టిన అంచు నా చెంప మీద విరిగితే? అమ్మో!

సాయంత్రం మళ్లీ స్టీలు బ్లేళ్ల ప్యాకెట్టే తెచ్చుకున్నా. పటిక ముక్క కూడా.